నేను వేయని పగులు

ఈ బరువు మోయడం మొదలుపెట్టి ఎన్నేళ్లయిందో లెక్కపెట్టడం మానేశాను. దించుకోవడానికి చోటు దొరకలేదంటే అబద్ధం. చోటు ఎప్పుడూ ఉంది. తార్నాకలో ఆటో ఎక్కితే మల్కాజ్‌గిరిలో దిగేంత దగ్గరలోనే ఉంది. నేను ఎక్కలేదు. ఎందుకు ఎక్కలేదని నన్ను నేను చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. షూటింగులని, పనులని, సందర్భం కుదరలేదని ఏవేవో చెప్పుకున్నాను. అసలు సంగతి ఒక్కటే. భయం.

నేను చేసింది చూడ్డానికి చిన్నదే. ఎవరి సొమ్మూ ముట్టలేదు, ఎవరినీ నిందించలేదు. ఒక అబద్ధం ఆడాను, అదీ మూడు మాటల్లో అయిపోయే అబద్ధం. దానివల్ల ఒక మనిషి కుడిచెయ్యి పనికిరాకుండా పోయింది. ఆ మనిషి నా స్నేహితురాలు. తన చెయ్యి తన తప్పు వల్లే పోయిందని ఆమె ఇన్నేళ్లూ నమ్మింది. నేను నమ్మనిచ్చాను.

నా పేరు ఇక్కడ రాయడం లేదు. అది కూడా భయమే, ఇంకేదో మర్యాద అనుకోకండి. మీరు నాకు తెలియదు, నేను మీకు తెలియను, అందుకే మీ ముందు నోరు పెగులుతోంది.

నేను సినిమాలకు ఆర్ట్ డైరెక్టర్‌ని. కథలో మనుషులు ఉండే ఇళ్లు, ఆ ఇళ్ల గోడలు, వంటింటి గట్టు మీది డబ్బాలు, తలుపు వెనక వేలాడే తువ్వాలు, అన్నీ నేనూ నా మనుషులూ తయారుచేస్తాం. పాత్ర నోరు తెరవకముందే దాని సంగతి గది చెప్పేయాలి. నవ్వించే సినిమాలో గది ఒకలా చెబుతుంది, ఏడిపించే సినిమాలో ఇంకోలా, భయపెట్టే సినిమాలో మరోలా. ఇదంతా మీకెందుకంటే, నా తప్పు ఈ పని లోపలే పుట్టింది. ఈ పని తెలియని మనిషి చేయాలన్నా చేయలేని తప్పు అది.

మాది తార్నాక. నాన్న కాకినాడ నుంచి ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మెట్రో స్తంభాలు ఇంకా లేవని, రోడ్డు మీద ఆకాశం బాగా కనిపించేదని గుర్తు. ఇంటి నుంచి యూనివర్సిటీకి నడిచే వెళ్లేదాన్ని. నాటకం, సినిమా నేర్పే డిపార్ట్‌మెంట్‌లో చేరాను. ఇంజినీరింగ్ చదవాల్సిన పిల్ల వేషాలు నేర్చుకోవడానికి వెళ్తోందని మా బంధువుల్లో కొన్నాళ్లు వేడుకగా చెప్పుకున్నారు.

భాగ్య అక్కడే పరిచయమైంది. జనగామ అవతల ఏదో పల్లె, ఇంట్లో పత్తి వేస్తారు. అడిక్‌మెట్‌లో మరికొందరు అమ్మాయిలతో కలిసి ఒక గదిలో ఉండేది. మా క్లాసులో బొమ్మ వేయడం వచ్చినవాళ్లం చాలామందిమి. చూడడం వచ్చింది మాత్రం ఆమె ఒక్కదానికే. ఎవరి ఇంటికైనా వెళ్తే బయటికి వచ్చాక చెప్పేది, ఆ ఇంట్లో ఎవరు ఎవరితో మాట్లాడడం లేదో. ఎలా తెలిసిందే అంటే, కుర్చీలు ఎటు తిరిగి ఉన్నాయో చూడలేదా అనేది.

నాకు ఆమె అంటే ప్రాణం. అసూయ కూడా. రెండూ ఒకేచోట ఎలా ఉంటాయని అడగకండి, ఉంటాయి. నేను ఎంత కష్టపడి వేసినా "నడుస్తది" అనేది. అంతకుమించి ఒక్క మెచ్చుకోలు మాట ఆమె నోటి నుంచి రాలేదు. పొగరు కాదు. మంచిది అనిపిస్తేనే మంచిదని అంటుంది, అంతే. ఆ మాట ఎప్పుడంటుందా అని నేను కాచుకుని ఉండేదాన్ని. మాస్టారు ఇచ్చే మార్కులు కూడా నాకు దాని తరువాతే.

చివరి సంవత్సరం ప్రాక్టికల్‌కి మాస్టారు ఒక చిత్రమైన పని ఇచ్చారు. ఒకటే గది, ఒకటే సన్నివేశం. సాయంత్రం, ఒక ఇల్లాలు ఒక్కతే ఉంటుంది, మొగుడు ఆలస్యంగా వస్తాడు, తలుపు తడతాడు, ఆమె వెళ్లి తీస్తుంది. మాటలు మార్చకూడదు. నటన మార్చకూడదు. గది మాత్రమే మార్చి మూడుసార్లు తీయాలి. ఒకసారి చూసి జనం నవ్వాలి, ఒకసారి కళ్లు తుడుచుకోవాలి, ఒకసారి భయపడాలి. ఇద్దరేసి చొప్పున చేయమన్నారు. భాగ్య, నేను ఒక జట్టు. బాగా చేసిన జట్టును మాస్టారు తనకు తెలిసిన ఒక పెద్ద ఆర్ట్ డైరెక్టర్ దగ్గర పనికి పంపుతానన్నారు. మాకు కావలసింది అదే.

డిపార్ట్‌మెంట్ వెనక ఒక పాత కట్టడం ఉండేది. ఎత్తైన కప్పు, సున్నం గోడలు, పైన చిన్న వెంటిలేటర్లు. ఒకప్పుడు చదువుకునే గదట, తరువాత విరిగిన బల్లలు పడేసుకునేవారు. దాన్ని మాకిచ్చారు. బల్లలన్నీ బయటికి మోసి, ఊడ్చి, కడిగి, మా ఇల్లు కట్టుకున్నాం.

నవ్వించే గది భాగ్య ఊహే. గది నిండా కుర్చీలు వేసింది. ఇల్లాలు తలుపు దాకా వెళ్లాలంటే ఎప్పుడూ ఏదో ఒక కుర్చీ అడ్డం. ఒకదాన్ని జరిపితే ఇంకోటి దారికి వస్తుంది. ఏ మాటా మారలేదు, ఏడవాల్సిన సన్నివేశంలా రాసినదే, మా క్లాసంతా పడీ పడీ నవ్వింది. ఏడిపించే గదికి ఆ కుర్చీలన్నీ తీసేసింది. ఒకే కుర్చీ, గోడ మీద ఏదో పటం చాలాకాలం ఉండి తీసేసిన తెల్లటి మచ్చ, మూత పెట్టిన ఒక కంచం. అంతే. మాస్టారు చూసి కళ్లజోడు తుడుచుకున్నారు.

ఇక భయపెట్టే గది. చీకటి చేద్దామన్నాను, సాలెగూళ్లు పెడదామన్నాను. భాగ్య విసుక్కుంది. దయ్యాల కొంపలో ఎవరైనా భయపడతారు, అందులో మన గొప్పేముంది అంది. గదిలో వస్తువులు ఏవీ కదపొద్దు, గోడ మాత్రం నెమ్మదిగా పగలాలి అంది. ఒక్కో షాట్‌కి కొంచెం కొంచెం. ఇల్లాలు దాన్ని చూడనే చూడదు. అప్పుడామె అన్న మాట నేను తరువాత ఎన్ని సినిమాల్లో వాడుకున్నానో. ఇంట్లో ఉన్నవాళ్లకు కనిపించకుండా, చూసేవాళ్లకు మాత్రం కనిపించేదే భయం అంది.

ఆ మాట రాసి, కొట్టేసి, మళ్లీ రాశాను. ఎందుకో మీకే తెలుస్తుంది.

పగుళ్లు వేయడం నా వంతు. అది నాకు బాగా వచ్చేది. రంగులో ముంచిన నూలుదారాన్ని గోడకు అదిమి మెల్లగా లాగితే మొదటి గీత పడుతుంది. చేత్తో గీసిన గీతలా ఉండదు, దారం తన ఇష్టం వచ్చినట్టు వంకర్లు పోతుంది. తరువాత సన్నటి కుంచెతో ఒక అంచున నీడ, ఒక అంచున వెలుగు. నలుపు వాడకూడదు, వాడితే బొగ్గుతో గీసినట్టు దొరికిపోతాం. కొన్ని రోజులపాటు అదే పని. తీసేటప్పుడు వాటిని కప్పి ఉంచి, షాట్ షాట్‌కి ఒక్కొక్కటే బయటపెట్టాలని మా లెక్క. ప్రతి పగులూ నాకు గుర్తే. ఎక్కడ మొదలైంది, ఎక్కడ చీలింది, ఏది బాగా రాలేదు, అన్నీ. కళ్లు మూసుకుని చెప్పగలను. అక్కడే దొరికిపోతాను నేను. నాకు తెలియలేదని చెప్పుకోవడానికి వీల్లేదు.

వానలు మొదలయ్యాయి. ఒకరోజు పొద్దున గది తాళం తీసి లోపలికి వెళ్లేసరికి, తలుపుకు ఎదురుగోడ మీద వెంటిలేటర్ మూల నుంచి కిందికి ఒక పగులు ఉంది. నేను వేసింది కాదు.

ముందు భాగ్య వేసిందేమో అనుకున్నాను. స్టూలెక్కి చూశాను. వేలు పెడితే గోరు లోపలికి దిగింది. వేలికి తడిసిన సున్నం అంటుకుంది. పగులు లోపలి నుంచి చీమలు బారుగా వస్తున్నాయి. రంగుతో వేసిన పగుల్లోకి చీమలు పోవు కదా. స్టూలు మీదే నిలబడి చాలాసేపు ఆ చీమల్ని చూస్తూ ఉండిపోయాను.

ఆ క్షణం నేనేమనుకున్నాను? ఇన్నేళ్లలో దీన్ని ఎన్ని రకాలుగా తిరగేశానో. పాత గోడ, వానకు నానింది, పగిలింది, ఊళ్లో ఎన్ని గోడలు పగలడం లేదు అనుకున్నాను. చెబితే గదికి తాళం వేస్తారు అని కూడా అనుకున్నాను. తాళం వేస్తే మూడోది తీయలేం. మూడోది తీయకపోతే మా పని సగంలో ఆగినట్టే, అవకాశం ఇంకో జట్టుకు పోతుంది. ఇవన్నీ అనుకున్నాను, నిజమే. కానీ వెనక్కి తిరిగి తలుపు వైపు అడుగు కూడా వేశాను. డిపార్ట్‌మెంట్‌కి వెళ్లి చెబుదామనే వేశాను. ఇది మాత్రం నన్ను నమ్మండి.

అప్పుడే భాగ్య వచ్చింది. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చి, గోడ వైపు చూసి అక్కడే ఆగిపోయింది. అలా ఆగిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

"గిది ఎప్పుడేసినవే?" అంది.

జవాబు కోసం ఆగకుండా ఆమె గోడ దగ్గరికి వెళ్లింది. తల ఒకపక్కకు వంచి, కళ్లు చిన్నవి చేసి చూసింది.

"అన్నిట్ల గిదే మంచిగొచ్చింది పిల్లా. నాతోని కాదు గిట్ల."

"నిన్న సాయంత్రం వేశాను" అన్నాను.

అదీ ఆ అబద్ధం. ఎందుకాడాను? అవకాశం కోసం అని ఇందాక రాశాను, అది కొంత నిజం. కానీ ఆ క్షణం నోట్లోంచి ఆ మాట వచ్చింది అవకాశం కోసం కాదు. ఆమె నన్ను మెచ్చుకుంది. కాచుకుని కాచుకుని ఉన్న మాట, మొదటిసారి అంది. అది నాది కాదని చెప్పి ఆ మాటను తిరిగి ఇచ్చేయడానికి మనసొప్పలేదు. గోడ వేసిన పగులుకు నేను సంతకం పెట్టాను.

ఆ తరువాత ఒకటి వెనక ఒకటి జరిగిపోయాయి, ఆపడం నా చేతుల్లో ఉన్నట్టే ఉండి, ఉండకుండా పోయింది. క్యాంపస్‌లో కట్టడాల మరమ్మతులు చూసే సూపర్‌వైజరు వచ్చాడు. వానలకు పాత గదులన్నీ చూసుకుంటూ వస్తున్నాడు. మా గోడలు చూసి నిజంగా కంగారుపడ్డాడు. ఇది ఎప్పటి నుంచి ఇలా ఉంది, ఎవరూ చెప్పలేదేం అని గట్టిగా అడిగాడు. భాగ్యకు నవ్వాగలేదు. వేలు తడి చేసుకుని దగ్గర్లో ఉన్న ఒక పగులు మీద రుద్దింది. రంగు వేలికి వచ్చింది. ఆయన తెల్లబోయి, తరువాత తనూ నవ్వాడు. అయితే ఆ పైన వెంటిలేటర్ దగ్గరిది అన్నాడు. అది ఈ పిల్ల వేసింది సార్, అన్నింటిలోకీ అదే బాగుంది అని భాగ్య నన్ను చూపించింది. ఆయన నా వైపు చూశాడు.

నేను నవ్వాను. సిగ్గుపడుతున్నట్టు తల కూడా దించుకున్నాను. ఆయన మీ చేతుల్లో మాయ ఉందమ్మా అని మెచ్చుకుని పక్క కట్టడానికి వెళ్లిపోయాడు. ఆ గోడను చూసి చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషి అలా నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

ఆ రోజు నుంచి ఆ గదిలోకి వెళ్తే ముందు ఆ గోడ దగ్గరికే వెళ్లేదాన్ని. పగులు పెరుగుతోందా లేదా అని చూసేదాన్ని. చూస్తే పెరిగినట్టే ఉండేది, మళ్లీ చూస్తే అంతే ఉన్నట్టు ఉండేది. పక్కన పెన్సిల్‌తో గీత పెట్టి చూద్దామనుకున్నాను. పెట్టలేదు. పెడితే తెలిసిపోతుంది కదా.

భాగ్యకు ఆ పగులు ఎంత నచ్చిందంటే సన్నివేశమంతా దాని చుట్టూ తిప్పింది. చెక్క ఫ్రేము ఉన్న పెద్ద అద్దం ఒకటి పాత సామాన్ల దుకాణంలో అద్దెకు తెచ్చింది. దాన్ని పగులు పక్కనే తగిలించాలంది. ఇల్లాలు అద్దంలో బొట్టు సరిచేసుకుంటుంది, పక్కనే గోడ చీలుతూ ఉంటుంది, ఆమె చూడదు. మంచి ఊహ. ఎంత మంచి ఊహంటే, కాదనడానికి నా దగ్గర కారణం లేదు, ఉన్న ఒక్క కారణం చెప్పలేను. అద్దం ఆ పక్క గోడకు పెడదాం, వెలుతురు బాగుంటుంది అన్నాను. పగులు ఈ గోడకుంటే అద్దం ఆ గోడకెందుకు అంది. బరువెక్కువ, గోడ ఆగదేమో అన్నాను. పెద్ద మేకులు కొడతానంది. స్టూలెక్కి తనే కొట్టింది. మేకులు అందించింది నేను. ఒక్కో దెబ్బకూ సున్నం పొడి రాలి నా చేతి మీద పడింది.

షూటింగ్ రోజు పొద్దున లైట్లు సరిచూసుకుంటున్నాం. ఇల్లాలి వేషం వేసే అమ్మాయి ఇంకా రాలేదు. వెలుగు ముఖం మీద ఎలా పడుతుందో చూడడానికి ఎవరో ఒకరు అద్దం ముందు నిలబడాలి. భాగ్య వెళ్లి నిలబడింది. కెమెరా వెనక నుంచి ఎవరో కొంచెం ఎడమకు జరగమన్నారు. జరిగింది. నేను తలుపు దగ్గర ఉన్నాను.

పెద్ద చప్పుడేమీ కాలేదు. బస్తా దించినట్టు ఒక్కసారి, అంతే. వెంటిలేటర్ కింది గోడ అద్దంతో సహా ఆమె మీదికి వచ్చింది. గదంతా తెల్లటి దుమ్ము. ఆ దుమ్ములోంచి ఆమె గొంతు వినిపించింది. అరవలేదు. "నా చెయ్యేది" అని అడిగింది, మామూలుగా, వస్తువేదో కనపడనట్టు.

చెయ్యి ఉంది. భుజం నుంచి నలిగిపోయింది. చాలా ఆపరేషన్లు చేశారు. ఇప్పటికీ అది భుజం పైకి లేవదు, వేళ్లు దేన్నీ పట్టుకోలేవు. కుంచె పట్టుకునే చెయ్యి అది.

ఆసుపత్రిలో మాస్టారు, యూనివర్సిటీ వాళ్లు వచ్చి ఎలా జరిగిందని అడిగారు. నేను ఆమె మంచం పక్కన నిలబడి ఉన్నాను. ఇప్పుడు చెప్పేస్తాను, ఇప్పుడే చెప్పేస్తాను అనుకుంటున్నాను. ఈలోగా భాగ్యే చెప్పింది. బరువైన అద్దానికి పెద్ద మేకులు కొట్టానని, పాత గోడ అని ఆలోచించలేదని, తప్పు తనదేనని. వాళ్లు అదే రాసుకుని వెళ్లారు. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్నా? చెప్పేదాన్నని చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడు అనుకోవడం లేదు.

మూడోది తీయకపోయినా, తీసిన రెండూ చూసే మాస్టారు నన్ను ఆ ఆర్ట్ డైరెక్టర్ దగ్గరికి పంపారు. వెళ్లనని అనలేదు. భాగ్యే వెళ్లమంది. ఇద్దరి తరఫున నువ్వు పో అంది.

వెళ్లాను. పైకి వచ్చాను. నవ్వించే సినిమాలకు చేశాను, కుటుంబ కథలకు చేశాను, హత్యలు, దయ్యాలు, పాత కాలం జమీందారీ ఇళ్లు, అన్నీ చేశాను. ఎన్ని చేసినా ఒక్క గోడకు కూడా పగులు వేయలేదు. దర్శకులు అడిగితే ఏదో చెప్పి తప్పించుకునేదాన్ని. భయపెట్టే సినిమాలో కూడా నా ఇళ్లు తుడిచినట్టు శుభ్రంగా ఉంటాయి. ఒకసారి ఎవరో ఇంటర్వ్యూలో కారణం అడిగారు. శుభ్రమైన గదిలోనే మనిషికి ఎక్కువ భయం వేస్తుందండీ అన్నాను. అది అందరికీ తెగ నచ్చింది. ఇప్పుడు పిల్లలు దాన్ని నా పద్ధతి అంటూ చదువుకుంటున్నారట. పిరికితనానికి పాఠం అని పేరు పెట్టారు, నేను ఊరుకున్నాను.

కొత్త ఊరికి వెళ్తే హోటల్ గదిలో ముందు గోడలు చూస్తాను. మంచం గోడకు ఆనుకుని ఉంటే లాగి మధ్యలో వేసుకుంటాను. సెట్లో కట్టిన ప్లైవుడ్ గోడ అయినా సరే, గోరుతో నొక్కి చూడకుండా ఎవరినీ కింద నిలబడనివ్వను. మా ఆయన నన్ను గోడల డాక్టర్ అని ఏడిపిస్తాడు. ఆయనకు కూడా చెప్పలేదు.

భాగ్య మల్కాజ్‌గిరిలో ఒక బడిలో డ్రాయింగ్ టీచర్. ఎడమచేత్తో వేయడం నేర్చుకుంది. పెళ్లి చేసుకుంది, ఒక కూతురు. మేము మాట్లాడుకుంటూనే ఉండేవాళ్లం. నా సినిమా వస్తే మొదటి ఆటకే వెళ్లి, తరువాత ఫోన్ చేసి ఏ కుర్చీ తప్పుగా వేశానో చెప్పేది. అదే గొంతు, అదే "నడుస్తది".

ఈమధ్య వాళ్ల బడిలో ఏదో కార్యక్రమానికి నన్ను పిలిచింది. సినిమా ఆంటీ వస్తోందని పిల్లలంతా కూర్చున్నారు. నన్ను వేదిక మీద కూర్చోబెట్టి, నేను మాట్లాడబోయే ముందు ఆమె పిల్లలకు తన చెయ్యి కథ చెప్పింది. కొత్త పిల్లలకు ప్రతి ఏడూ చెబుతుందట. మేకులు, అద్దం, పాత గోడ. నవ్వుతూ చెప్పింది, మధ్యలో పిల్లల్ని నవ్వించింది కూడా. చివర ఆమె అన్న మాట ఇది.

"మేకు కొట్టే ముంగట గోడను అడగాలె బిడ్డా. నేను అడగలే."

పిల్లలంతా కలిసి ఆ మాటను తిరిగి అన్నారు, రోజూ చెప్పే ప్రతిజ్ఞలా. అన్ని గొంతులు. నాకు చెవులు మూసుకుపోయాయి. నేనేం మాట్లాడానో గుర్తులేదు. ఇన్నేళ్లూ నాకు తెలిసిన భయం దొరికిపోతానేమోననే భయం. ఆ రోజు పట్టుకున్నది వేరు. ఎప్పటికీ దొరకనేమో. ఆ పిల్లలు పెద్దవాళ్లయి వాళ్ల పిల్లలకు కూడా చెబుతారు, భాగ్య టీచర్ గోడను అడగలేదని. నేను పోయాక దాన్ని సరిచేయడానికి మనిషే ఉండదు.

మరుసటి ఆదివారం ఆమెను క్యాంపస్‌కి రమ్మన్నాను. పాత కట్టడానికి కొత్త గోడలు వేశారు, ఇప్పుడేవో కంప్యూటర్లు పెట్టారు, తాళం వేసి ఉంది. బయట మెట్ల మీద కూర్చున్నాం. ఆమె హబ్సిగూడలో బజ్జీలు కట్టించుకుని వచ్చింది. పొట్లం విప్పి మధ్యలో పెట్టింది. నేను అవి చల్లారేదాకా నోరు తెరవలేకపోయాను.

తెరిచాక ఆగలేదు. దారంతో వేసిన పగుళ్లు, వేయని పగులు, చీమలు, సూపర్‌వైజరు, అంతా చెప్పాను. నువ్వు మెచ్చుకున్నావనే దాన్ని నాదన్నానని చెప్పాను. నువ్వు మేకులు కొట్టకపోయినా అది పడేదని చెప్పాను. కూలుతుందని మాత్రం నాకు తెలియదు భాగ్యా, ఒట్టు అన్నాను. ఆ మాట నా దగ్గర మిగిలిన చివరి ఆసరా. ఇన్నేళ్లూ దాన్ని పట్టుకునే నిలబడ్డాను. తప్పు చేశాను కానీ తెలిసి చేయలేదు.

భాగ్య పొట్లం మూసి పక్కన పెట్టింది. ఎడమచేత్తో కుడి మోచేతిని పట్టుకుని ఒళ్లో పెట్టుకుంది. కోపంగా లేదు. ఒక ఇంట్లోంచి బయటికి వచ్చాక కుర్చీలు ఎటు తిరిగి ఉన్నాయో గుర్తుచేసుకునేటప్పుడు ఎలా ఉండేదో అలా ఉంది.

"ఆ పొద్దుగాల నీ కుర్చి గోడ కాడ ఉండె" అంది. "గుంజుకొని పోయి తలుపు కాడ ఏసుకున్నవ్. లైటు కండ్లల్ల కొడ్తున్నదేమో అనుకున్న. గందుకు కాదా?"

నాకు ఆ కుర్చీ గుర్తుంది. మీకు ఇంతసేపు చెబుతూ వచ్చాను కదా, అన్నీ చెబుతున్నాననే అనుకున్నారు కదా. తలుపు దగ్గర ఉన్నానని రాశాను. ఎలా వచ్చానో రాయలేదు. ఆ పొద్దున సున్నం పొడి నా భుజం మీద రాలింది. మేకులు కొట్టనప్పుడు, ఎవరూ గోడను ముట్టనప్పుడు రాలింది. దులుపుకున్నాను. లేచాను. కుర్చీ తీసుకుని తలుపు దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. కాసేపటికి భాగ్య వెళ్లి అక్కడే నిలబడింది. చూస్తూ కూర్చున్నాను.

"కాదు" అన్నాను.

అబద్ధమాడడానికి వీలుంది. లైటు అంటే సరిపోయేది, ఆమే మాట అందించింది. ఎందుకో ఈసారి ఆడలేకపోయాను. పడుతుందని భయమేసింది, నేను జరిగాను, నిన్ను పిలవలేదు అన్నాను. పిలిస్తే ఎందుకని అడుగుతావు కదా అన్నాను.

ఆమె తల ఊపింది. క్షమించినట్టు కాదు, విన్నట్టు. సంచీ ఎడమ భుజానికి తగిలించుకుని లేచింది. గేటు దాకా వస్తానన్నాను, వద్దంది. రోడ్డు మలుపు దాకా కనిపించింది, ఒకసారి కూడా వెనక్కి తిరగలేదు. ఆ తరువాత ఫోన్ లేదు. నేను కూడా చేయలేదు, చేసే హక్కు ఉందో లేదో తెలియదు. వచ్చే ఏడు పిల్లలకు ఆమె ఏ కథ చెబుతుందో కూడా నాకు తెలియదు, అది ఆమె ఇష్టం.

భయం పోలేదు. కానీ ఆ మెట్ల మీద నేను చాలాసేపు కూర్చున్నాను, వెనక గోడకు వీపు ఆనించి. నాకు తెలుసు అని ఒక మనిషి ముందు ఒప్పుకున్నాను. మీ ముందు ఇంకోసారి ఒప్పుకుంటున్నాను. నాకు తెలుసు.